హాలోవీన్ ఫలహారం: ఆరు వారాల పద్ధతి

“ఐదు నిమిషాల పనమ్మా, నువ్వు హైరానా పడకు” అని మా అమ్మాయి అనగానే నేను కాగితం, కలం తెచ్చుకుని కూర్చున్నాను. పిల్లలకు పెట్టేది ఏదైనా సరే, ఐదు నిమిషాల్లో అవుతుందని ఎవరన్నా అంటే నేను నమ్మను. గుంటూరు జిల్లాలో ఒక మహిళా కళాశాలలో 31 ఏళ్ళు హోమ్ సైన్స్ పాఠాలు చెప్పాను. ప్రాక్టికల్స్‌లో “ఉప్మాయే కదా మేడమ్” అన్న పిల్ల ప్రతిసారీ ఉండలు కట్టిన ఉప్మా తెచ్చి బల్ల మీద పెట్టేది. సులువు అనుకోవడంతోనే వంట చెడుతుంది. అమెరికాలో ఉంటూ పిల్లల హాలోవీన్ పార్టీకి మొదటిసారి ఫలహారం చేయబోతున్న తెలుగు తల్లుల కోసం, నాలాగే కూతుళ్ళ దగ్గరికో కొడుకుల దగ్గరికో వెళ్ళిన అమ్మమ్మల కోసం, నానమ్మల కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. ఒక ఏడు చూసి, మరుసటి ఏడు చేశాకే రాస్తున్నాను.

మా అమ్మాయి వాళ్ళు టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. నేను మొదటిసారి అక్టోబరు నెల అక్కడ గడిపింది 2024లో. ఆ ఏడు దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే పడ్డాయి. గుమ్మానికి ఒక పక్క ప్రమిదలు, ఇంకో పక్క కళ్ళూ నోరూ చెక్కి లోపల దీపం పెట్టిన గుమ్మడికాయ. మన దగ్గర దిష్టికి బూడిద గుమ్మడికాయ వేలాడదీసే చోటే అక్కడ వాళ్ళు నవ్వే గుమ్మడికాయను కూర్చోబెట్టారు. మా మనవరాలు పట్టులంగా మీద మంత్రగత్తె టోపీ పెట్టుకుని చిచ్చుబుడ్డి దగ్గరికీ, చాక్లెట్ల బుట్ట దగ్గరికీ పరుగులు తీసింది. రెండు పండగలకీ కలిపి ఫలహారం నేనే చేస్తానని ఆ రోజే చెప్పేశాను. గవ్వలు, జంతికలు ఎలాగూ చేతిలో పనే. నేర్చుకోవలసింది రెండోదే.

అక్కడ పిల్లల పార్టీకి చాలామంది చేసే తేలిక ఫలహారాలు రెండు. మొదటిది అరటిపండు దెయ్యం. ఒలిచిన పండును అడ్డంగా కోసి, కోసిన వైపు కిందికి పెట్టి నిలబెడితే మొన పైకి వచ్చి, తెల్లటి ముసుగు కప్పుకున్నట్టుంటుంది. కళ్ళకు చిన్న చాక్లెట్ చిప్స్ రెండు, నోటికి పెద్దది ఒకటి. రెండోది కమలాపండు గుమ్మడికాయ. గింజల్లేని చిన్న కమలాపండు ఒలిచి, నడినెత్తిన ఆకుపచ్చ సెలెరీ కాడ ముక్క గుచ్చితే తొడిమతో ఉన్న గుమ్మడికాయే. పొయ్యి అక్కర్లేదు, నూనె అక్కర్లేదు, పంచదార వేయక్కర్లేదు. ఆ రోజు పిల్లలు ఎలాగూ బకెట్ల కొద్దీ చాక్లెట్లు తెచ్చుకుంటారు కాబట్టి మనం పెట్టేది పండు కావడం ధర్మం.

మిగతావి వద్దని ఎందుకంటున్నానో కూడా చెప్పాలి. మార్ష్‌మాలోతో దెయ్యాలు చేస్తారు, చూడముచ్చటగా ఉంటాయి. కానీ మామూలు మార్ష్‌మాలోలో జెలటిన్ ఉంటుంది. అది జంతువుల చర్మం నుంచీ, ఎముకల నుంచీ తీసేది. పురుగుల ఆకారంలో వచ్చే గమ్మీ మిఠాయిలూ చాలావరకు అంతే. శాకాహారం తినే ఇంటి పిల్లాడు తెలియక తినేశాక తల్లి బాధపడి లాభం లేదు. పసుపు, నారింజ, తెలుపు చారలతో ఉండే క్యాండీ కార్న్ 1880ల నాటి మిఠాయి. మొదట్లో దాన్ని ‘చికెన్ ఫీడ్’, అంటే కోళ్ళ దాణా అని అమ్మేవారు. చాలా రకాల్లో జెలటిన్‌తో పాటు పైన మెరుపు కోసం ‘కన్ఫెక్షనర్స్ గ్లేజ్’ వాడతారు. అది లక్క. హైదరాబాదు లాడ్ బజారులో గాజులు చేసే లక్క ఏ పురుగు నుంచి వస్తుందో ఇదీ ఆ పురుగు నుంచే. ఇక సాసేజికి పిండి పీలికలు చుట్టి చేసే ‘మమ్మీ’లు మాంసం తినేవాళ్ళకే. జున్ను పీచుకి ప్రెట్జెల్ పుల్ల గుచ్చి, ఉల్లికాడతో కట్టి చేసే మంత్రగత్తె చీపుళ్ళు బాగుంటాయి గానీ, 22 చీపుళ్ళ ముళ్ళు కట్టేసరికి నా వేళ్ళు నొప్పి పుట్టాయి. ద్రాక్షపళ్ళతో చేసే ‘కనుగుడ్లు’ చిన్నపిల్లలకు అసలు పెట్టకండి. గుండ్రటి ద్రాక్ష గొంతుకు అడ్డం పడుతుంది. నాలుగేళ్ళలోపు పిల్లలకు ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసే ఇవ్వాలి. ఈ ఒక్క మాట హాలోవీన్‌కే కాదు, ఏడాది పొడుగునా గుర్తుంచుకోండి.

ఇప్పుడు పద్ధతి. పార్టీకి ఆరు వారాల ముందు మొదలుపెట్టాలి. ఆరుకు ఒక్క వారం తగ్గినా నేను ఒప్పుకోను. మొదటి శనివారం కోత మాత్రమే. రెండో శనివారం నిమ్మరసం. మూడోది కళ్ళు. నాలుగోది కమలాలు ఒలవడం, కాడలు కోయడం. ఐదో శనివారం అన్నీ కలిపి, గడియారం ముందు పెట్టుకుని. ఆరోది పూర్తి రిహార్సలు. ట్రేలు సర్ది, వంటింట్లోంచి హాలు మీదుగా, గరాజ్ మీదుగా బయట డ్రైవ్‌వేలో వేసిన బల్ల దాకా మోసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి తేవాలి. దారిలో ఎక్కడ గడప ఉందో, ఎక్కడ దెయ్యాలు ఒరుగుతాయో అప్పుడే తెలుస్తుంది. పెళ్ళికి పది రోజుల ముందే వంటవాళ్ళను పిలిచి మాట్లాడుకుంటాం కదా, పిల్లల పార్టీని అంతకంటే తక్కువగా ఎందుకు చూడాలి? ప్రాక్టీసు పళ్ళు వృథా పోలేదు. ఆరు వారాలూ మా అల్లుడు పొద్దున టిఫిన్‌కి అవే తిన్నాడు. ఐదో వారంలో “అత్తయ్యగారూ, దుకాణంలో ప్యాకెట్లు దొరుకుతాయి, ఓ పెద్ద సంచీ తెచ్చేస్తాను” అన్నాడు. మంచివాడు, నా శ్రమ చూడలేక అన్నాడు. వద్దన్నాను. బళ్ళో పార్టీ అయితే అది సరే. చాలా బడుల్లో ఇంట్లో చేసినవి రానివ్వరు, సీలు వేసిన ప్యాకెట్లే పట్టుకెళ్ళాలి. మన ఇంటికి వచ్చిన పిల్లలకు మన చేత్తో పెట్టాలి.

పళ్ళ ఎంపిక దగ్గర ఏ మాత్రం మెతకగా ఉండొద్దు. వంకర ఎక్కువైన పండు నిలబడదు, నిలబడ్డా పక్కదాని మీద వాలుతుంది. అందుకని నేను విడిపళ్ళే ఏరుకుంటాను. సంచీలో చిన్న స్కేలు ఉంచుకోండి. కొలిచేటప్పుడు ఎవరన్నా చూస్తే చూడనివ్వండి. పండు 18 నుంచి 20 సెంటీమీటర్లుండాలి. రెండు కొసల నుంచీ 8 సెంటీమీటర్ల చొప్పున కోస్తే రెండు దెయ్యాలు వస్తాయి, నడిమి ముక్క మిగులుతుంది. దాన్ని గిన్నెలో వేసి ఉంచండి, చంటిపిల్లల తల్లులు అడుగుతారు. పువ్వు వైపు కొసన నల్లటి మొన అర సెంటీమీటరు తీసేయాలి. 22 మంది పిల్లలుంటే 33 దెయ్యాలు చేయాలి. సగం అదనం అన్నమాట. దానికి 17 పళ్ళు చాలు గానీ, నేను 24 కొంటాను. ఏరివేతలో పోయేవి పోతాయి. శనివారం పార్టీకి మంగళవారం కొనండి. కొసలు ఇంకా పచ్చగా ఉన్నవి చూసి తీసుకోండి, ఆపిల్ పళ్ళ పక్కన పెట్టకండి. రెండూ ఎథిలిన్ వాయువు వదులుతాయి, ఒకదాన్నొకటి మగ్గబెట్టుకుంటాయి. శుక్రవారానికే పండిపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. తొక్క నల్లబడుతుంది, లోపల పండు బాగానే ఉంటుంది. తొక్క చూసి బెంబేలు పడి అన్నీ పారేసిన తల్లిని నేను ఎరుగుదును.

వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేయడం, కూర అరటికాయ ముక్కలు మజ్జిగ నీళ్ళలో వేయడం మనకు అమ్మ నేర్పిన పనే. ఆ రెంటికీ, అరటిపండు దెయ్యానికీ శాస్త్రం ఒకటే. కోసిన చోట కణాలు చితికి, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గాలిలో ఆక్సిజన్‌తో కలిసి పండును నల్లబరుస్తుంది. పులుపు తగిలితే ఆ ఎంజైము మందగిస్తుంది. కప్పు నీళ్ళకు రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం కలిపి, ముక్కల్ని రెండు నిమిషాలు ముంచి తీయండి. నిమ్మరసం నేరుగా పూస్తే దెయ్యం పుల్లగా ఉంటుంది, పిల్లలు మొహం ముడుచుకుంటారు. నిమ్మకు బదులు అనాసరసం వాడినా పని చేస్తుంది, కాస్త తీపి కూడా.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. నీళ్ళలోంచి తీసిన ముక్కకు వెంటనే కళ్ళు పెడితే చాక్లెట్ చిప్ జారి గడ్డం మీదికి వస్తుంది. పేపర్ టవల్‌తో అద్ది, తడి లేకుండా చేసి, టూత్‌పిక్‌తో ముందు చిన్న గుంట చేసి, చిప్ మొనను లోపలికి గుచ్చాలి. రెండు కళ్ళకూ మధ్య ఒక సెంటీమీటరు. నోరు కళ్ళకు ఒకటిన్నర సెంటీమీటరు కింద. ఒక అట్టముక్క మీద మూడు చిల్లులు పెట్టి దాన్నే అచ్చుగా వాడండి. ముగ్గుకు చుక్కలు సమంగా పడకపోతే ముగ్గంతా ఒంకరే కదా. నేను వాడిన అట్ట పాల డబ్బాది, పైన ప్లాస్టిక్ పూత ఉండడంతో తడవలేదు.

కమలాల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కాలిఫోర్నియా చిన్న కమలాలు నవంబరు నుంచి గానీ జోరుగా రావు, అక్టోబరు చివర దొరికేవి చాలావరకు చిలీ, దక్షిణాఫ్రికా, పెరూ లాంటి దేశాలవి. పైన తెల్లటి పీచు మొత్తం తీసేయాలి. ఒక్కో పండుకి నాకు నాలుగు నిమిషాలు పట్టింది, 33 పళ్ళకు రెండు గంటల పైనే. ముందు రోజు ఒలిచి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. సెలెరీ కాడ రెండు సెంటీమీటర్లు చాలు. చిన్నపిల్లలకు ఇచ్చేటప్పుడు కాడ తీసేసి ఇవ్వండి, అది నారగా ఉంటుంది.

పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. ఈ మాట కటువుగా ఉందని నాకు తెలుసు. “పిల్లలతో కలిసి చేసుకోగల తేలిక ఫలహారం” అని అందరూ చెప్పేది వీటి గురించే. నేనూ 2025లో ఆ మాట విని మెత్తబడ్డాను. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మా మనవరాలికి ఎనిమిదేళ్ళు. పార్టీ రోజు మధ్యాహ్నం నేను వంటింటి తలుపు దగ్గర కుర్చీ అడ్డం పెట్టుకుని పని చేసుకుంటుంటే, ఆ కుర్చీ కిందినుంచి దూరి వచ్చింది. “అమ్మమ్మా, ఒక్కటి, ఒక్కటే చేస్తాను” అంది. ఏరివేతలో పక్కన పెట్టిన వంకర పండు ముక్క ఒకటి ఇచ్చాను. అట్ట అచ్చు ఇస్తే వద్దంది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, బల్ల మీద మోచేతులానించి చాలాసేపు దాంతోనే ఉంది. రెండు కళ్ళు పెట్టింది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నుదుటి మధ్య మూడో కన్ను పెట్టింది. ఎందుకమ్మా అంటే “ఇది శివుడి దెయ్యం” అంది. శివుడి దగ్గర భూతగణాలుంటాయని దానికి నేనే చెప్పాను. నోటికి చిప్ పెట్టకుండా టూత్‌పిక్‌తో గీసింది, అది ఒక పక్కకి పోయి నవ్వుతున్నట్టు వచ్చింది. కాసేపటికి గీత గోధుమరంగుకు తిరిగి ఇంకా బాగా కనబడింది. తీసుకెళ్ళి నా వరసల్లో రెండో వరస చివర పెట్టేసింది. అది పక్కదాని మీద వాలి నిలబడింది. తీసేద్దామని చెయ్యి చాచాను. మనవరాలి మొహం చూసి ఊరుకున్నాను. అక్కడే తప్పు జరిగింది.

ట్రే బయటికి రాగానే డైనోసార్ వేషం వేసుకున్న పిల్లాడు ఒకడు తిన్నగా దాని దగ్గరికే వచ్చాడు. “నాకు మూడు కళ్ళది కావాలి” అన్నాడు. వెనకాల సీతాకోకచిలుక రెక్కలు కట్టుకున్న పిల్ల “నాకూ” అంది. ఆ తర్వాత ఇక వరస లేదు. అందరూ బల్ల చుట్టూ మూగారు, మూడు దెయ్యాలు బోర్లాపడ్డాయి, సీతాకోకచిలుక రెక్క ఒకటి వంగింది. చేసింది ఎవరని అడిగారు. మా మనవరాలు కుర్చీ ఎక్కి “నేనే” అని చెయ్యెత్తింది. ఇద్దరు ముగ్గురు పిల్లలు నా దగ్గరికి వచ్చి చిప్స్ గిన్నె ఎక్కడుంది, మేమూ చేసుకుంటాం అన్నారు. ఒక్కో దెయ్యాన్ని ఎనిమిది సెంటీమీటర్లకు కోసి, తుడిచి, అచ్చు పెట్టి కళ్ళు గుచ్చి తయారు చేసిన 32 అక్కడే ఉన్నాయి, వాటిని చూసేవాళ్ళు లేరు. ఒక్కటి తేడాగా ఉంటే పిల్లల మనసు మిగతా అన్నిటి మీదినుంచీ పోతుంది. నా కళ్ళారా చూసింది ఇది. అందుకే అన్నీ ఒక్క తీరుగా ఉండాలి, అందుకే పిల్లల చెయ్యి పడకూడదు. వాళ్ళకు చేయాలనుంటే పార్టీ అయిన మర్నాడు చేసుకోనివ్వండి.

ఎలర్జీల సంగతికి వస్తున్నాను. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. మన దగ్గర ‘పడదు’ అని ఊరుకునే మాట అక్కడ ప్రాణాల మీదికి తెచ్చే సంగతి. అమెరికా చట్టం ప్రకారం ప్యాకెట్ మీద తప్పనిసరిగా చెప్పాల్సిన ప్రధాన ఎలర్జీ పదార్థాలు తొమ్మిది. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతల్లాంటివి, బాదం జీడిపప్పుల్లాంటి గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా ఇవన్నీ పాతవి. నువ్వులు తొమ్మిదోదిగా 2023 జనవరి 1 నుంచి చేరాయి. నువ్వులు లేకుండా మనకు పండగ ఏముంది? అందుకే తెలుగు వాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. అరటిపండు, కమలాపండు ఈ జాబితాలో లేవు గానీ, చాక్లెట్ చిప్స్‌లో పాలు, సోయా చాలాసార్లు ఉంటాయి. వేరుశనగ ఉన్న చోటే తయారు చేశామని కూడా రాసి ఉండవచ్చు. సెలెరీ అమెరికా జాబితాలో లేదు, యూరప్ వాళ్ళు చెప్పే పద్నాలుగింటిలో ఉంది. అందుకని నేను వచ్చే పిల్లలందరి తల్లిదండ్రులకూ వాట్సాప్‌లో 14 ప్రశ్నల పత్రం పంపాను. ఒకే ఒక్క ప్రశ్న చాలదా అని మా అమ్మాయి అంది. ఒక ప్రశ్న అడిగితే జనం ఆలోచించకుండా ‘ఏమీ లేవు’ అనేస్తారు. 14 అడిగితే కూర్చుని ఆలోచిస్తారు. బొటనవేలు గుర్తు పంపి ఊరుకున్న వాళ్ళకు మళ్ళీ పంపాను, మూడోసారి ఫోన్ చేశాను. ఒక తల్లి నెమ్మదిగా, మా వాడికి పాలు పడవండీ, ఎక్కడికెళ్ళినా చాక్లెట్ అంతా పక్కన పెట్టేయాల్సిందే అంది. ఆ పిల్లాడికి పాలు లేని చిప్స్ తెచ్చి, వేరే పలక మీద, వేరే కత్తితో చేశాను. అంతా అయ్యాక ఆవిడ నా చేతులు పట్టుకుంది. 2014 నుంచి ఆ దేశంలో ఒక ఆనవాయితీ దేశమంతటా పాకింది. తిండి కాకుండా స్టిక్కర్లూ, పెన్సిళ్ళూ పంచే ఇళ్ళ ముందు నెమలిపింఛం రంగు గుమ్మడికాయ పెడతారు. మిఠాయి తినకూడని పిల్లాడు ఆ ఇంటి మెట్లు ధైర్యంగా ఎక్కుతాడు. మా గుమ్మంలోనూ ఒకటి పెట్టాం.

ట్రే బల్ల మీద పెట్టాక వెంటనే తినమనకండి. ఆ పండగ ఎందుకొచ్చిందో పిల్లలకు ముందు చెప్పాలి. నేను 11 నిమిషాలు చెబుతాను, అంతకు తగ్గించలేం. ఐర్లండు, స్కాట్లండులలో పూర్వం సెల్టు జాతులవాళ్ళకు ‘సోవిన్’ అనే పండగ ఉండేది. కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే సంధి అది. ఆ రాత్రి చనిపోయినవాళ్ళకూ బతికినవాళ్ళకూ మధ్య తెర పలచబడుతుందని నమ్మేవారు. తర్వాత క్రైస్తవం వచ్చి నవంబరు 1ని పునీతులందరి పండగగా జరుపుకుంది. దాని ముందు రాత్రికి ఉన్న ఇంగ్లీషు పేరే నలిగి నలిగి హాలోవీన్ అయింది. ఐర్లండులో మొదట చెక్కింది గుమ్మడికాయను కాదు, టర్నిప్ దుంపను. 1845లో మొదలైన బంగాళదుంప కరువుకు లక్షలమంది ఐరిష్ వాళ్ళు ఓడలెక్కి అమెరికా వచ్చారు. ఇక్కడ గుమ్మడికాయ పెద్దది, చెక్కడానికి తేలిక, అదే స్థిరపడింది. ఇల్లిల్లూ తిరిగి మిఠాయి అడగడం అమెరికాలో 1930లలో పుంజుకుంది. యుద్ధంలో 1942 నుంచి 1947 దాకా పంచదారకు రేషను ఉండడంతో ఆగి, ఆ తర్వాత మళ్ళీ మొదలైంది.

ఇక్కడ నేను మన సంగతి కలుపుతాను. మా చిన్నప్పుడు దసరాకి అయ్యవారి వెంట పిల్లలం విల్లంబులు పట్టుకుని పద్యాలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. అయ్యవారికి డబ్బులు, మాకు పప్పుబెల్లాలు. భాద్రపదంలో మహాలయ పక్షాలకు పెద్దలను తలుచుకుంటాం. దీపావళి సాయంత్రం గోగుకర్రలకు గుడ్డ వత్తులు చుట్టి పిల్లలు దివిటీలు కొట్టేది పితృదేవతలకు దారి చూపడానికేనని పెద్దలు చెప్పేవారు. పోయినవాళ్ళను ఏడాదికొకసారి వెలుగుతో పిలవడం, పిల్లల నోరు తీపి చేయడం, ఈ రెండూ మనకూ ఉన్నాయి, వాళ్ళకూ ఉన్నాయి. మా అమ్మాయి వాళ్ళ పక్కింటి మెక్సికో కుటుంబం నవంబరు 1, 2 తేదీల్లో తమ పెద్దల ఫోటోల ముందు పూలు, రొట్టె పెట్టి దీపాలు వెలిగిస్తుంది. ఫ్రిస్కోలో పుట్టిన తెలుగు పిల్లాడికి ఇవన్నీ కలిపి చెప్పే మనిషి ఉండొద్దా?

నేను చెబుతుండగా పిల్లలు కదిలారు, నిజమే. ఐదో నిమిషంలో డైనోసార్ పిల్లాడు తోక మీద కూర్చున్నాడు. అక్టోబరు చివర కూడా ఆ ఊళ్ళో మధ్యాహ్నం 25 డిగ్రీలు దాటడం మామూలే, ఆ వేడికి దెయ్యాల అంచులు రంగు తిరగడం మొదలైంది. దీనికి పరిష్కారం మాటలు తగ్గించడం కాదు. ఆరో నిమిషం దగ్గర ఆగి, స్ప్రే సీసాలో పోసి ఉంచుకున్న నిమ్మనీళ్ళు అన్నిటి మీదా ఒకసారి చల్లండి. తర్వాత టర్నిప్ దగ్గర మొదలుపెట్టండి. ట్రే కింద ఐసు గడ్డలు పరిచిన పళ్ళెం ఉంచితే ఇంకా మంచిది.

2025లో 33 దెయ్యాల్లో పిల్లలు తిన్నవి తొమ్మిది. కమలాలు పందొమ్మిది పోయాయి. దెయ్యాలు మిగిలిపోవడానికి కారణం నేను ఆ రాత్రే కనిపెట్టాను. పిజ్జా పెట్టెలు అదే బల్ల మీద ఉన్నాయి. వాసనకు పిల్లలు అటు వెళ్ళారు. కాబట్టి పిజ్జాను గరాజ్‌లో, మూత తీయకుండా, దెయ్యాలు అయిపోయేదాకా ఉంచాలి. మిగిలిన 24 దెయ్యాలకు ఒక్కొక్కదానికీ కళ్ళు తీసి, 48 చిన్న చిప్స్, 24 పెద్దవి కడిగి, ఆరబెట్టి సీసాలో పోశాను. పండు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి పాలతో కలిపి కొట్టి వారం రోజులు తాగాం. ఈ పని రాత్రి పదకొండు దాకా పట్టింది. మా అమ్మాయి వచ్చి పక్కన నిలబడి, ఏమీ అనకుండా ఒక దెయ్యం తీసుకుని దాని కళ్ళు తీయడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు చింతపండు గింజలు తీసేటప్పుడు కూర్చున్నట్టే నా పక్కన కూర్చుంది.

మనవరాలు ఈసారి మూడు కళ్ళవి ఇరవై రెండు చేస్తానని ఇప్పటినుంచే ఫోన్లో అంటోంది. ఆలోచించాను. అన్నీ మూడు కళ్ళవే అయితే అన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి కాబట్టి పద్ధతికి భంగం లేదు. మూడో కంటికీ ఒక చిల్లు పెట్టి కొత్త అట్ట కోసి ఉంచాను. నుదుటి కన్ను మిగతా రెంటికీ సరిగ్గా మధ్యన, ముప్పావు సెంటీమీటరు పైన వస్తుంది. కానీ చేసేది నేనే.

2026లో అక్టోబరు 31 శనివారం పడింది. కాబట్టి మొదటి రిహార్సలు సెప్టెంబరు 19న, చివరిది అక్టోబరు 24న. పళ్ళు 27వ తేదీ మంగళవారం కొనాలి. ప్రశ్నల పత్రం సెప్టెంబరులోనే పంపేయండి, జవాబు రాని ఇంటికి ఫోన్ చేయడానికి మొహమాటపడకండి. నిమ్మకాయలు మాత్రం నాలుగు ఎక్కువే తెచ్చుకోండి.